లేఆఫ్ అయ్యారా? అమెరికాలో టీఏఏ సాయం అడిగే ముందు తేదీ చూసుకోండి

ప్రశ్న: మిషిగన్‌లో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో స్టాఫింగ్ కంపెనీ తరఫున పనిచేసేవాణ్ని. పనంతా మెక్సికోకు తరలించి 2022 మార్చిలో మమ్మల్ని తీసేశారు. ఆ ఫ్యాక్టరీకి టీఏఏ మంజూరైందని ఈమధ్యే విన్నాను. నాకు వర్తిస్తుందా?

జవాబు: వర్తించవచ్చు. దిగుమతుల పోటీ వల్లో, పని విదేశాలకు తరలిపోవడం వల్లో ఉపాధి పోయినవారి కోసం 1974 నాటి ట్రేడ్ యాక్ట్ కింద నడిచిన పథకం ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్, అదే టీఏఏ. 2022 జూలై 1 నుంచి ఫెడరల్ లేబర్ డిపార్ట్‌మెంట్ కొత్త పిటిషన్ల (ఉద్యోగాలు పోయినవారి తరఫున టీఏఏ కోసం వేసే దరఖాస్తుల) విచారణ ఆపేసింది. అంతకుముందే ఉద్యోగం పోయి, మంజూరైన పిటిషన్ పరిధిలోకి వచ్చేవారికి మాత్రం తలుపు మూసెయ్యలేదు. మీ మార్చి తేదీ ఇందుకే ముఖ్యం.

ముందుగా ‘టీఏ-డబ్ల్యూ’తో మొదలయ్యే పిటిషన్ నంబరు సంపాదించండి. డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరుతో వెతికితే దొరుకుతుంది. సర్టిఫికేషన్‌లో, అంటే డిపార్ట్‌మెంట్ ఇచ్చిన మంజూరు పత్రంలో, ఏ ప్లాంటు, ఏ విభాగం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది అక్షరం అక్షరం చదవండి. ఇంపాక్ట్ తేదీ, అంటే ఏ రోజు నుంచి జరిగిన తొలగింపులు లెక్కలోకి వస్తాయో ఆ తేదీ, మామూలుగా పిటిషన్ వేసిన రోజుకు ఏడాది వెనక్కి ఉంటుంది. మీ స్టాఫింగ్ కంపెనీ పేరు అందులో లేకపోయినా వెనుదిరగకండి. పని అప్పగించిందీ అజమాయిషీ చేసిందీ ఫ్యాక్టరీయేనని చూపగలిగితే మీలా వేరే కంపెనీ ద్వారా వచ్చిన లీజ్డ్ వర్కర్లకూ వర్తించే వీలుంది. మీ పేస్టబ్‌లు, షిఫ్టు షెడ్యూళ్లు అక్కడే అక్కరకొస్తాయి.

సర్టిఫికేషన్ బృందానికి వచ్చేది. మీ ఒక్కరి అర్హత తేల్చేది స్టేట్ ఆఫీసు. వారంవారం ఇచ్చే భృతి, అంటే టీఆర్ఏ కావాలంటే ఉద్యోగం పోయే ముందు 52 వారాల్లో కనీసం 26 వారాలు, వారానికి 30 డాలర్లకు తగ్గకుండా సంపాదించి ఉండాలి. ఎక్కువమంది నష్టపోయేది మాత్రం గడువు దగ్గర. సర్టిఫికేషన్ వచ్చిన రోజు, ఉద్యోగం పోయిన రోజు, ఈ రెండింట్లో ఏది తరవాతిదైతే దాన్నుంచి 26 వారాల్లోపు ట్రైనింగ్‌లో చేరాలి, లేదా మినహాయింపు పొందాలి. పైగా మొదటి విడత టీఆర్ఏ చెల్లింపులు ఉద్యోగం పోయాక 104 వారాలతో ఆగుతాయి. కనుక భృతి మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. టీఆర్ఏ చేజారినా ట్రైనింగ్ ఖర్చు అడగొచ్చు. నిధులు ఉన్నాయో లేదో అమెరికన్ జాబ్ సెంటర్‌లో (ఉద్యోగ సాయం చేసే ప్రభుత్వ కేంద్రంలో) ముందే కనుక్కోండి.

ప్రశ్న: మాది సాఫ్ట్‌వేర్ కంపెనీ. మా పని ఇండియా టీమ్‌కు అప్పగించి 2024లో మమ్మల్ని తొలగించారు. ముగ్గురం సంతకాలు పెట్టి పిటిషన్ వేస్తే చాలంటున్నారు, నిజమేనా?

జవాబు: ముగ్గురి సంతకాల మాట నిజమే, కానీ మీకు కాలం దాటిపోయింది. ఇప్పుడు పిటిషన్ వేసినా విచారణ జరగదు. ఆ ఎదురుచూపుల్లో అసలు అందే సాయం పోగొట్టుకోవద్దు.

వెంటనే నిరుద్యోగ భృతికి దరఖాస్తు చెయ్యండి. ఆపైన జాబ్ సెంటర్‌కు వెళ్లి డబ్ల్యూఐఓఏ (వర్క్‌ఫోర్స్ ఇన్నొవేషన్ అండ్ ఆపర్చునిటీ యాక్ట్) చట్టం కింద ‘డిస్‌లొకేటెడ్ వర్కర్’గా, అంటే లేఆఫ్‌లో ఉద్యోగం పోయినవారిగా, నమోదు చెయ్యమనండి. పని ఇండియాకే పోయిందని ఇక్కడ రుజువు చెయ్యక్కర్లేదు. లేఆఫ్ లెటరు, భృతి కాగితాలు, వర్క్ ఆథరైజేషన్ పట్టుకెళ్లండి. ఈ చట్టం కింద ట్రైనింగ్ ఖర్చు అడగాలంటే కోర్సు స్టేట్ ఆమోదించిన జాబితాలో ఉండాలి. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాం: మంజూరు కాకముందే ఫీజు కట్టకండి. ముందు కట్టిన సొమ్ము తిరిగి రావడం చాలా కష్టం.

ప్రశ్న: లేఆఫ్ బదులు రాజీనామా లెటర్ ఇమ్మని హెచ్ఆర్ వాళ్లు అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?

జవాబు: వద్దు. మీరే మానేసినట్టు రికార్డులో పడితే నిరుద్యోగ భృతి చిక్కుల్లో పడుతుంది, డిస్‌లొకేటెడ్ వర్కర్ అర్హతకూ ఎసరొస్తుంది. ‘పని లేనందున తొలగించాం’ అని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.