పది మంది పేషెంట్లు, ఒక్క సిస్టర్: ఇందులో ధైర్యం వాటా ఎంత?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ అయ్యాక హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేరి ఏడు నెలలైంది. ఫోన్ చేస్తే ఏడుపే. ‘నావల్ల కావట్లేదు నాన్నా, నేనీ పనికి పనికిరాను’ అంటోంది. కాలేజీలో ఎప్పుడూ ముందుండేది. నైట్ డ్యూటీలో ఇరవై మంది పేషెంట్లకు ఇద్దరే సిస్టర్లట. ధైర్యం చాలకా, పని ఎక్కువయ్యా? మాన్పించి బ్యాంకు కోచింగ్‌లో చేర్పించమంటారా?
- ఓ తండ్రి, సూర్యాపేట

జవాబు: ముందు ఆ ఇరవై మంది సంగతి చూద్దాం. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద లిండా ఐకెన్ బృందం చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. నర్సుకి ఒక్క పేషెంటు పెరిగితే, ఆ నర్సు బర్నౌట్‌కి (పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలసి, ఒట్టిపోవడానికి) గురయ్యే అవకాశం 23 శాతం పెరుగుతోందని తేలింది. ఆపరేషన్ చేయించుకున్న రోగులు నెలలోపు చనిపోయే అవకాశం కూడా 7 శాతం పెరిగింది. అక్కడి నర్సులందరూ పిరికివాళ్లని ఎవరూ అనలేదు కదా! మీ అమ్మాయి అలసట నిజం. అది ముందు మీరు నమ్మాలి.

అలాగని నమ్మకానికి వాటా లేదని కాదు. ఆల్బర్ట్ బాండ్యూరా అనే మనస్తత్వవేత్త 1977లో చెప్పిన మాట మా వృత్తిలో రోజూ పనికొస్తుంది. ‘ఫలానా పని నేను చేయగలను’ అన్న నమ్మకం ఒక్కో పనికి ఒక్కోలా ఉంటుంది. క్లాసులో ఫస్టు వచ్చిన పిల్లకి కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) చేతికిస్తే వణుకు రావచ్చు. ఆ నమ్మకం లేనివాళ్లు, తాము ఇచ్చిన ఇంజెక్షన్‌నే కేస్ షీట్‌లో మూడుసార్లు చూసుకుంటారు. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేయడానికి పావుగంట తటపటాయిస్తారు. హాస్టల్‌కి వచ్చి పడుకున్నాక కూడా ‘ఏడో బెడ్‌కి ఆంటీబయాటిక్ ఇచ్చానా?’ అని ఉలిక్కిపడి లేస్తారు. పని అంతే, బరువు రెట్టింపు.

రెండేళ్ల కిందట ఓ అమ్మాయి నా దగ్గరకొచ్చింది. ఓ ముసలమ్మకి రెండుసార్లు కాన్యులా వేస్తే నరం దొరకలేదు, అటెండెంట్ వార్డంతా వినపడేలా తిట్టాడు. ఆ రోజు నుంచి చేతికి కట్టే రబ్బరు పట్టీ చూస్తేనే చెమటలు. ఆమెని బాగుచేసింది నేను కాదు, వాళ్ల ఇన్‌ఛార్జ్ సిస్టర్. నరాలు బాగా కనిపించే కుర్ర పేషెంట్లు ఇద్దరిని రోజూ ఈ పిల్లకే అప్పగించి, పక్కన నిలబడేది. మాట్లాడేది కూడా కాదట. మూడు వారాలయ్యాక ఆ అమ్మాయి ముసలమ్మల దగ్గరికి తనే వెళ్లింది. ‘ధైర్యంగా ఉండు తల్లీ’ అని మీరు ఫోన్‌లో చెప్పే మాటకీ కొంత బలం ఉంది, కాదనను. కానీ చేసి గెలిచిన పనికున్నంత బలం దానికి లేదు. పైగా నిద్ర చాలని ఒంట్లో గుండె దడ వస్తే, మనిషి దాన్ని చేతకానితనమనే అనుకుంటాడు.

అందుకే మీ అమ్మాయిని ఒకటి అడగండి: డ్యూటీలో అన్నిటికంటే కష్టంగా ఉండేది ఏది? ‘మానిటర్ అలారం మోగితే చేతులాడవు’, ‘డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో నోరు పెగలదు’ లాంటి జవాబు వస్తే అది నేర్పితే పోయేది. ఓపికున్న సీనియర్‌తో కొన్నాళ్లు డ్యూటీ వేయమని ఇన్‌ఛార్జ్‌ని అడగమనండి. ‘నీళ్లు తాగడానికీ, బాత్రూమ్‌కి వెళ్లడానికీ తీరిక ఉండదు’ అంటే మాత్రం ధైర్యవచనాలు ఆపేయండి. అక్కడ వార్డు మారాలి, కుదరకపోతే ఆసుపత్రి మారాలి. ఇంకో సంగతి: నమ్మకం ఉన్న నర్సు కూడా పది మంది పేషెంట్ల మధ్య ఎక్కువకాలం నిలవదు. పైగా ‘నువ్వైతే చేసేస్తావులే’ అని పదకొండో పేషెంటునీ ఆమెకే అంటగడతారు. ఎన్నిసార్లు చూశానో!

పేషెంట్లంటేనే విసుగు, మనుషుల మీద మొద్దుబారినతనం మొదలైందా అన్నది కూడా గమనించండి. క్రిస్టినా మాస్లాక్ అనే మనస్తత్వవేత్త బర్నౌట్‌కి చెప్పిన మూడు గుర్తుల్లో అదొకటి. మిగతా రెండూ, అంటే ఒట్టిపోయినట్టుండటం, ‘పనికిరాను’ అనుకోవడం, మీ ఉత్తరంలోనే కనిపిస్తున్నాయి. బతకాలని లేదన్నట్టు ఎప్పుడైనా మాట్లాడితే ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

బ్యాంకు కోచింగా? నాలుగేళ్ల చదువుని ఏడు నెలల నైట్ డ్యూటీలతో తూచకండి. ఎయిమ్స్ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి నార్‌సెట్ పరీక్ష ఉంది, తెలంగాణలో వైద్యారోగ్య సేవల నియామక మండలి నోటిఫికేషన్లు వస్తుంటాయి. రాజీనామా తప్పదనుకుంటే ముందు బాండ్ కాగితం (ఇంతకాలం పనిచేస్తానని ఆసుపత్రికి రాసిచ్చింది) ఉంటే చదవండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోండి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికి రాకుండా బయటికి రావద్దు.

వచ్చే వీక్లీ ఆఫ్‌కి ఆమెని ఊరికి రమ్మనకండి, ఉన్న ఒక్క రోజూ బస్సులోనే పోతుంది. మీరూ అమ్మగారూ క్యారేజీ పట్టుకుని వెళ్లండి. నేను చెప్పిన ఆ ప్రశ్న మాత్రం ఆమె కడుపునిండా తిని, నిద్రపోయి లేచాకే అడగండి.