గొంతులో గడ్డ లేకపోయినా మింగుడు పడకపోవచ్చు

మీ అమ్మగారికి థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని, మెడ దగ్గర వాపు లేకపోయినా అన్నం మింగలేకపోతున్నారని, ఈ రెండిటికీ సంబంధం ఉందా అని అడిగారు. ఉండొచ్చు అక్కా. నాకు అట్లనే అయింది.

నేను వరంగల్ ఏనుమాముల మార్కెట్లో గుమాస్తాను. మూడేళ్ల కింద పత్తి సీజన్లో మొదలైంది. ముందు జొన్నరొట్టె దిగలేదు, రెండు మూడు గుటకలు వేస్తే గానీ కదిలేది కాదు. తర్వాత చాయ్ తాగినా పొలమారేది. ఒకరోజు తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. ఎవరూ పైకి అనలేదు గానీ ఇంట్లో అందరికీ క్యాన్సర్ టెన్షనే. మొదట చూసిన డాక్టర్ గ్యాస్ అన్నాడు. రెండు నెలలు గోలీలు వేసుకున్నా, అవి మింగడమే పెద్ద పని! ఎండోస్కోపీలో ఏమీ లేదు.

అసలు సంగతి తొడల వల్ల బయటపడింది. కాంటా దగ్గర కింద కూర్చుంటే మోకాళ్ల మీద చేతులు ఆనించి గానీ లేవలేకపోయేవాణ్ని. తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) రాస్తుంటే అంకెలు వంకర పోయేవి. ఈ మాట చెప్పగానే హనుమకొండలో ఫిజీషియన్ నన్ను చేతులు చాపమని వేళ్ల మీద ఒక కాగితం పెట్టారు. అది టపటపా కొట్టుకుంది. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్, 0.01 కన్నా తక్కువ వచ్చింది. మామూలుగా 0.4 నుంచి 4 దాకా ఉండాలి. ఇది ఇంత పడిపోయిందంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని అర్థమట.

థైరాయిడ్ హార్మోన్ మితిమీరితే కండరాల్లో బలం పోతుందట. ఎక్కువమందికి తొడలు, భుజాలు. అరుదుగా గొంతు కూడా. ముద్దను కిందికి తోసేవి, మింగేటప్పుడు ముక్కు దారి మూసేవి కండరాలే కదా, నీళ్లు పైకి రావడం అందుకే. గ్రంథి ఉబ్బి ఆహారనాళాన్ని నొక్కడం వేరే సంగతి, దానికి స్కాన్ చేస్తారు. ఇంకోటి, సాయంత్రానికి ఇబ్బంది పెరిగినా, కనురెప్పలు వాలినా తప్పకుండా చెప్పండి. థైరాయిడ్ ఉన్న కొందరికి మయస్థీనియా అనే, కండరాలు త్వరగా అలసిపోయే జబ్బు కూడా తోడవుతుంది. నాకు అది లేదని తేల్చాకే వదిలారు.

థైరాయిడ్ తగ్గడానికి కార్బిమజోల్, వణుకుకు ప్రొప్రనలాల్ రాశారు. ఆరు వారాలకు నీళ్లు ముక్కులోకి రావడం ఆగింది. రొట్టె తినడానికి మూడు నెలలు పట్టింది. అందాకా గటక, మెత్తగా పిసికిన పెరుగన్నం. నిటారుగా కూర్చొని, గడ్డం కొంచెం దించి మింగితే పొలమారడం తగ్గింది. అమ్మకు పొలమారాక దగ్గు, జ్వరం వస్తే ఆగకండి, ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండొచ్చు.

కార్బిమజోల్ వాడేటప్పుడు జ్వరంతో గొంతు నొప్పి వస్తే పాత ఇబ్బందే అనుకోవద్దు. అరుదుగా ఆ మందుకు తెల్ల రక్తకణాలు పడిపోతాయి. గోలీ ఆపి అదే రోజు డాక్టర్‌ను కలిసి రక్తపరీక్ష చేయించాలి. రెండో నెలలో నాకు గొంతు నొప్పి వస్తే నేను పట్టించుకోలేదు, మా ఆవిడే రాత్రికి రాత్రి ల్యాబ్‌కు తీసుకుపోయింది. కణాలు బాగానే ఉన్నాయి, వట్టి పడిశం.