బూజు పట్టిన కేకు: బిల్లు లేకపోయినా కేసు వేయొచ్చా?

ప్రశ్న (కుదించి): 2024 మే 18న ఊటీలో, టూరిస్టులు క్యూ కట్టే ఒక పేరున్న బేకరీలో కిలో ప్లమ్ కేకు, రెండు ప్యాకెట్ల వర్కీ (ఊటీలో దొరికే కరకరలాడే బిస్కెట్లు) కొన్నాం. ఫోన్‌పేలో రూ.1,240 కట్టాం. బిల్లు ఇవ్వలేదు. 20వ తేదీ రాత్రి ఇంట్లో పాప పుట్టినరోజుకి డబ్బా తెరిస్తే కేకు అడుగంతా పచ్చటి బూజు. వచ్చినవాళ్ల ముందు తల కొట్టేసినట్టయింది. ఫోన్ చేస్తే చాలా హేళనగా మాట్లాడి పెట్టేశారు. అప్పటికే పైముక్క తిన్న పాపకు మర్నాడు వాంతులయ్యాయి. కేకు పారేశాం. డబ్బాలో మా అత్తగారు దారపు ఉండలు పెట్టుకున్నారు. మొన్న చూస్తే తేదీ స్టిక్కర్ మూల లేచి, కింద ఇంకో స్టిక్కర్ కనిపించింది. రూ.5 లక్షలు అడగొచ్చా? రెండు లక్షలివ్వకపోతే వీడియో వైరల్ చేస్తామని ఓనర్‌తో చెబుదామంటున్నాడు మా తమ్ముడు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఫోన్‌లో జరిగిన అవమానం గురించే ఉంది. దాని మీద కేసు నిలవదు. నిలిచేదల్లా చివర్లో రెండు ముక్కల్లో రాసిన ఆ స్టిక్కర్ మీద.

బూజు సంగతే తీసుకోండి. మే నెల ఎండలో రెండు రోజులు కారులో తిప్పారు, మా తప్పేముంది అంటారు వాళ్లు. దానికి మీ దగ్గర జవాబు లేదు. సరుకులో లోపం ఉందో లేదో పరీక్ష చేస్తే తప్ప తేలనప్పుడు, వినియోగదారుల కమిషన్ శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపిస్తుంది. ఆ శాంపిల్‌ను మీరు చెత్తబుట్టలో వేశారు. ఒక్క ముక్క కవర్లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టి, ఆ వారంలోనే ఫిర్యాదు చేసి ఉంటే కేసు ఇంకోలా ఉండేది. ఇన్ని నెలలు ఊరుకోవడం పెద్ద పొరపాటు. పాప వాంతులకూ అంతే. దారిలో హోటళ్లలో తిన్నవి కాదు, ఈ కేకే కారణమని డాక్టర్ కాగితం ఉంటే తప్ప ఆ మాట ఫిర్యాదులో పెద్దది చేయకండి.

స్టిక్కర్‌కు ఎండతో పని లేదు. కింది తేదీ పాతదైతే, పాత సరుకును కొత్తదని నమ్మించి అమ్మినట్టే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అది అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా విడిగా అదే కిందికి వస్తుంది. కాబట్టి బిల్లు లేదని మీరు భయపడనక్కర్లేదు, అది వాళ్ల తప్పు.

దయచేసి ఆ స్టిక్కర్ పీకకండి! పీకితే, మీరే అంటించారంటారు. దారపు ఉండలు తీసేసి, లేచిన మూల కనిపించేలా పగటి వెలుతురులో ఫొటోలు తీసి, డబ్బాను కవర్లో పెట్టి సీల్ చేయండి. పై స్టిక్కర్ తీయడం కమిషన్ ముందే జరగాలి. డబ్బా మీద బేకరీ పేరు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు ఉన్నాయో లేదో చూడండి. మే 18 నాటి బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. ఆ రాత్రి తీసిన వీడియో ఒరిజినల్ ఏ ఫోన్‌లో ఉందో ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి. వీడియోకు, సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జత చేయాలి. వాట్సాప్‌లో తిరిగిన కాపీని నమ్ముకోవద్దు.

ఇక గడువు. కొన్న రోజు నుంచి రెండేళ్లు, అంటే 2026 మే 17లోపు ఫిర్యాదు దాఖలు కావాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పినా, నోటీసు పంపినా ఈ గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలున్నా, ఇన్నాళ్లు ఊరుకున్నవాళ్లకు ఆ నమ్మకం పెట్టుకోవద్దంటాను. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నేరంగా కేసు పెట్టించే ఏడాది గడువు ఎలాగూ దాటింది. ఆహార భద్రత కమిషనర్ కారణాలు రాసి అనుమతిస్తేనే మూడేళ్ల దాకా వీలుంటుంది.

మీ తమ్ముడి మాట అసలు వినకండి. డబ్బివ్వకపోతే పరువు తీస్తామని బెదిరించడం నేరాల చట్టమైన భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలు. ఒక్క వాయిస్ మెసేజ్ చాలు, మీరు ఫిర్యాదుదారు కాకుండా నిందితులవుతారు. జరిగింది జరిగినట్టు రివ్యూ రాయడం వేరు. దానికి డబ్బు ముడిపెట్టిన క్షణం నుంచి మీ కేసు వాళ్ల కేసైపోతుంది.

ఊటీ వెళ్లే పని లేదు. మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసే హక్కు చట్టం ఇచ్చింది కనుక గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా వేయొచ్చు. కొన్న సరుకు విలువ రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. మీరే వాదించుకోవచ్చు. ముందు బేకరీకి స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు ఇవ్వండి, రశీదు దాచండి. జవాబు వచ్చినా రాకపోయినా పదహారో రోజున ఫిర్యాదు వేయండి. అందులో కేకు ధర, మనోవేదనకు సబబైన మొత్తం, ఖర్చులు అడగండి. రూ.1,240 కొనుగోలుకు ఐదు లక్షలు అడిగితే మీ మాట మీదే అనుమానం వస్తుంది. డబ్బా మాత్రం ఈ రోజే అత్తగారి దగ్గర నుంచి తీసుకోండి.