ట్యాంకులో మందు కలిపే అల్లునికి

చిరంజీవి అల్లునికి, నల్లగొండ నుండి నీ మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

గ్రామ పంచాయతీలో నీళ్ల ట్యాంకు బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముప్పై ఏళ్లు పంపుహౌసుల చుట్టూ తిరిగినవాణ్ణి కనుక, బ్లీచింగ్ పౌడర్ విషయం నీకు కొంచెం వివరంగా రాయాలనిపించింది.

ఇంటింటికీ తాగునీరిచ్చే ప్రభుత్వ పథకం మిషన్ భగీరథ నీళ్లు శుద్ధి అయ్యే వస్తున్నాయి కదా, మళ్లీ మందెందుకని ఊళ్లో నిన్ను తప్పక అడుగుతారు. శుద్ధి కేంద్రంలో కలిపిన క్లోరిన్ దారి పొడుగునా కరిగిపోతూ వస్తుంది. పైగా సరఫరా ఆగినప్పుడు ఖాళీ అయిన పైపు, మోరీ పక్కన ఎక్కడ చిల్లు ఉంటే అక్కడి మురుగును లోపలికి పీల్చుకుంటుంది. ట్యాంకు దిగిన నీటికి చివరి ఇంటి నల్లా దాకా కాపలా ఉండాలంటే కొంత క్లోరిన్ అందులో మిగిలి ఉండాలి.

కొత్త పౌడరులో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. మన చేతికి వచ్చేసరికి 25 శాతమని లెక్క వేసుకో. అప్పుడు వెయ్యి లీటర్లకు 4 గ్రాములు వేస్తే లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ పడుతుంది, అంటే 60,000 లీటర్ల ట్యాంకుకు 240 గ్రాములు. దీన్ని ఆరంభంగా మాత్రమే తీసుకో, ఎందుకంటే నీరు ఎంత మురికిగా ఉంటే అంత ఎక్కువ క్లోరిన్‌ను అది తినేస్తుంది. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత బకెట్ నింపి, పౌడరులోని సున్నం అడుక్కి దిగేదాకా పావుగంట ఆగి, పైనున్న తేటను మాత్రమే, ట్యాంకు నిండుతున్నప్పుడు పొయ్యి. ఆ తర్వాత అరగంట దాటనిదే వాల్వు తిప్పవద్దు. సర్పంచి వచ్చి తొందరపెట్టినా సరే.

ఈ లెక్క నాకే ఒక వానకాలం తప్పింది. నోరు కట్టని సంచి పంపుహౌసు మూలన నెలల తరబడి ఉండిపోయింది, నేను మాత్రం పాత డబ్బాతో పాత కొలతే వేస్తూ పోయాను. కిందివాడలో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్న తర్వాత పరీక్షిస్తే నల్లాలో క్లోరిన్ జాడే లేదు. గాలి, తేమ, వేడి తగిలిన పౌడరు చూపుకు తెల్లగానే ఉంటుంది కానీ అందులో సత్తువ ఉండదు. ఆ పిల్లల తల్లుల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. సంచి తెరిచిన తేదీని దాని మీదే రాసి, మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో, చల్లని చోట దాచు.

క్లోరిన్ పరీక్ష ట్యాంకు కింద చేస్తే ఉపయోగం తక్కువ. అన్నిటికంటే దూరాన ఉన్న నల్లా దగ్గరికి నడిచి వెళ్లు. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి, ఊళ్లో విరేచనాలు ఉన్న రోజుల్లో 0.5 దాకా ఉండేటట్లు చూడు. నీటిలో క్లోరిన్ ఉంటే రంగు చూపే మందు ఆర్థోటాలిడిన్. దాని చుక్కలు వేస్తే పసుపు రంగు వెంటనే వస్తుంది, దానినే చూడు. నిమిషాలు గడిచిన కొద్దీ ముదిరే పసుపు, మురుగులోని అమ్మోనియాతో కలిసిపోయి బలం తగ్గిన క్లోరిన్‌ది. ముక్కును నమ్మకు. అలా కలిసిపోయిన క్లోరిన్‌కే ఘాటు వాసన ఎక్కువ, కనుక మందు వాసన గుప్పుమంటోందని ఎవరైనా అంటే మోతాదు తగ్గించే ముందు ఆ వీధి పైపు ఎక్కడ కారుతోందో వెతుకు.

ఒక్క మాట మన జిల్లావాళ్లకే ప్రత్యేకంగా చెప్పాలి. బోరు నీళ్లలో ఉండి పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్‌ను క్లోరిన్ తాకదు, కాచినా అది పోదు. మన జిల్లా పేరుతోనే నల్లగొండ పద్ధతి అని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన విధానంలో పటిక, సున్నంతో పాటు బ్లీచింగ్ పౌడరు కూడా కలుపుతారు కానీ, ఫ్లోరైడ్‌ను పట్టి అడుక్కి దించేది పటికే. పౌడరు పని క్రిములను చంపడం వరకే. భగీరథ నీళ్లు రాని రోజున పాత బోరు నీళ్లను ట్యాంకుకు ఎక్కించి, మందు వేశాము కదా తాగవచ్చునని ఎవరికీ చెప్పవద్దు.

పౌడరు డబ్బా దగ్గర యాసిడ్ సీసా ఉంచవద్దు, రెండూ కలిస్తే వచ్చే గాలి ప్రాణం తీస్తుంది. ఎన్ని గ్రాములు వేశావో, చివరి నల్లాలో ఎంత వచ్చిందో ఒక నోటుబుక్కులో రాస్తూ ఉండు. వచ్చే నెల నేను ఊరికి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ మేనమామ