ప్రాక్టికల్ పరీక్షలో పూర్తయిన పనిని చూసి మార్కులు వేస్తే సరిపోతుందా?

సరిపోదు. వెల్డింగ్ అతుకు పైకి నున్నగా ఉన్నా లోపల గాలి బుడగలు ఉండొచ్చు. వంచి చూస్తేనో కోసి చూస్తేనో అవి బయటపడతాయి. పైగా పని ఎలా చేశారన్నది పూర్తయిన వస్తువులో కనిపించదు. వైరింగ్‌లో కరెంటు ఆపి, నిజంగా ఆగిందో లేదో టెస్టర్‌తో చూసుకున్నాకే తీగ ముట్టుకున్నారా? ఇది పక్కన నిలబడి చూడాల్సిందే. నా ఉద్దేశంలో భద్రత దగ్గర తప్పు చేస్తే, మిగతా మార్కులు ఎన్ని వచ్చినా పాస్ చేయకూడదు. రేపు పోయేది ప్రాణం.

చెక్‌లిస్ట్ ముందే రాసుకోండి. అందులో "బాగా చేశారు" అన్న మాట పనికిరాదు, ఒక్కొక్కరికి ఒక్కో అర్థం వస్తుంది. "కొలతలో తేడా అర మిల్లీమీటరు లోపు" అని రాస్తే ఎవరు దిద్దినా ఒకటే మార్కు. వైద్య విద్యలో రొనాల్డ్ హార్డెన్ బృందం 1975లో పరిచయం చేసిన ఆస్కీ (OSCE) అనే ప్రాక్టికల్ పరీక్షదీ ఇదే దారి: అందరికీ అవే స్టేషన్లు (ఒక్కో పని చేసి చూపించాల్సిన చోట్లు), అదే సమయం, అదే చెక్‌లిస్ట్.

ఇంకొకటి, కావాలనే చెడగొట్టిన సర్క్యూట్ ఇచ్చి లోపం కనుక్కోమనండి. బట్టీ పట్టినవాళ్లు అక్కడే ఆగిపోతారు. టెన్షన్‌తో చేతులు వణికేవాళ్లకు మాత్రం మొదట ఐదు నిమిషాలు పరికరాలు పట్టుకుని అలవాటు పడనివ్వండి.