చిటికేస్తే ఏడ్చే పిల్ల

చి. అమ్మాయికి,

హాలీవుడ్ మూకీల బాలనటి బేబీ పెగ్గీ మీద నువ్వు రాసిన కథ మంగళవారం అందింది. రెండుసార్లు చదివాను. వాక్యం నీకు బాగా నడుస్తుంది. మెప్పు ఇంతటితో సరి, ఇక తిట్లు.

చివర్లో ఆ పిల్లని అద్దం ముందు నిలబెట్టి పేజీన్నర ఏడిపించావు. ఎందుకమ్మా? ఏడుపే కదా ఆ పిల్ల చేసిన కూలిపని! 1920లో, 19 నెలల వయసులో, హాలీవుడ్‌లోని సెంచురీ స్టూడియో వాళ్లు ఆమెని పెట్టుకున్నది ముద్దుగా ఉందని మాత్రమే కాదు, తండ్రి చెప్పింది చెప్పినట్టు చేస్తుందని. సినిమాల్లో గుర్రాల మీద స్టంట్లు చేసే మనిషి ఆయన. చిటికేసి ఏడవమంటే ఏడ్చేది, నవ్వమంటే నవ్వేది. మూకీ కాబట్టి కెమెరా తిరుగుతున్నా పక్కన నిలబడి అరవొచ్చు, అడ్డేముంది? బ్రౌనీ అనే కుక్కతో కలిసి పొట్టి కామెడీలు. రోజుకి 8 గంటలు, వారానికి 6 రోజులు. ఆ సినిమాల కోసం స్పృహ తప్పేదాకా సముద్రంలో ముంచారు, మంటలంటుకున్న గదిలోంచి ఒక్కదాన్నే బయటపడమన్నారు, రైలుపెట్టె కింద ప్రయాణం చేయించారు. ఇదంతా నువ్వు 'ఎన్నో కష్టాలు పడింది' అని మూడు ముక్కల్లో తేల్చేశావు. తండ్రి పోయాడు, స్టూడియో పోయింది, వందేళ్ల తర్వాత నువ్వొచ్చి మళ్లీ చిటికేశావు.

నా చాదస్తం ఒకటుంది. పనిచేసే పిల్లల గురించి రాస్తే కూలి లెక్క రాయాలి. ఎన్ని గంటలు, ఎంత డబ్బు, ఎవరి జేబులోకి.

ఎనిమిదేళ్లప్పుడు మా మేనమామ నన్ను హరిశ్చంద్ర నాటకాలకి లోహితాస్యుడి వేషానికి తిప్పేవాడు. పాము కరిచాక నాకు మాటల్లేవు, కదలకుండా పడుండాలి. కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము మూడయ్యేది. చంద్రమతి గుండెలు బాదుకుంటుంటే నేను నిజంగానే నిద్రపోయేవాణ్ణి. "ఎంత బాగా చచ్చాడ్రా కుర్రాడు!" అనేవారు జనం. ఆటకి 5 రూపాయలు మామయ్యకి, రెండు మిరపకాయ బజ్జీలు నాకు. నా మొదటి కథ అదే. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ 5 రూపాయల వాక్యం కొట్టేసి, మా అమ్మ కొంగుతో కళ్లొత్తుకుందని సొంతంగా ఒక పేరా అతికించి అచ్చేశాడు. పొద్దున్నే కోతలకెళ్లాలని మా అమ్మ ఇంట్లో పడుకునేది, ఆ నాటకం ఒక్కసారీ చూళ్లేదు! ఇప్పటికీ జనం ఆ పేరానే మెచ్చుకుంటారు. ఈ కథల పోటీలవాళ్లదీ అదే బాపతు, రుమాలు తడవందే బహుమతివ్వరు.

పెగ్గీ లెక్క చూడు. 1925లో జీతం దగ్గర తండ్రి నిర్మాత సోల్ లెసర్‌తో తగువు పెట్టుకున్నాడు. ఒప్పందం రద్దయింది. ఆరేళ్ల పిల్లకి పెద్ద తార వైభవం అక్కడితో సరి. తర్వాత ఊరూరా వాడ్‌విల్ స్టేజీ, అంటే పాటలూ ఆటలూ హాస్యమూ కలగలిపిన ప్రదర్శనలు. రోజుకి 300 డాలర్లు. ఆమె చేతికి మాత్రం ఆటకో నికెల్, అంటే 5 సెంట్లు. మిగతాది కార్లకీ, ఇళ్లకీ, బట్టలకీ పోయింది, చదువుకని కూడా దాచలేదు. ఆ రెండంకెలూ పక్కపక్కన పెట్టి పేరా ఆపెయ్యి, ఇంకేమీ అనకు. జాకీ కూగన్ అనే మరో బాలనటుడు పెద్దయ్యాక కన్నతల్లి మీద కోర్టుకెక్కితే గాని, బాలనటుల డబ్బు కాపాడే చట్టం కాలిఫోర్నియాలో రాలేదు. అదీ 1939లో. అప్పటికి పెగ్గీకి 20 నిండాయి.

ఇంకో సంగతి నన్ను మరీ విసిగించింది. ఆమె డయానా సెర్రా కేరీ అన్న పేరుతో హాలీవుడ్ పసినటుల చరిత్ర రాసింది. 2017లో నవల కూడా వేసింది. 101 ఏళ్లు బతికి 2020లో పోయింది. నీ కథలో మాత్రం ఆ అద్దం ముందే ఉండిపోయింది, బహుశా రచయిత్రిగా ఆమె నీకు తగినంత జాలిగా కనబడలేదేమో.

తిరగరాసి పంపు. నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం. నికెల్‌ని పైసా అన్నావు, మార్చు. కుక్క పేరు బ్రౌనీ, బ్రూనో కాదు.

ఆశీస్సులతో,
మాస్టారు