బండి గుంజుకపోయిన ఏడేళ్లకు బాకీ కట్టమంటున్నారు

ప్రశ్న: సార్, నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా ఆయన 2015లో ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో నాలుగేళ్ల కిస్తీలతో లోను తీసుకుని ట్రాలీ ఆటో కొన్నాడు. రైస్ మిల్లుల నుంచి తవుడు, ఊక బస్తాలు తోలేవాడు. 2018 జనవరి దాకా కిస్తీలు సరిగ్గానే కట్టాం. ఆ తర్వాత ఆయన కాలు విరిగి బండి మూలకు పడింది. కిస్తీలు ఆగేసరికి జూన్‌లో కంపెనీ వాళ్లు ఇంటి ముందు నుంచే బండి తీసుకుపోయారు. "బండి మాకు వచ్చింది, ఇగ మీ లెక్క అయిపోయింది" అని చెప్పి, ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని ఒక చీటీ ఇచ్చారు. అందులో బండి నంబరు, టైర్లు, బ్యాటరీ ఎట్లా ఉన్నాయో రాసి, గుంజుకొచ్చిన బండ్లు పెట్టే యార్డు ముద్ర వేశారు. ఏడేళ్లు ఒక్క ఫోన్ లేదు, ఒక్క ఉత్తరం లేదు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి కలెక్షన్ ఏజెన్సీ అంటూ రోజూ ఫోన్లు. వడ్డీతో 1,86,000 అయిందట. రేపటిలోగా 45,000 కడితే సెటిల్‌మెంట్ చేస్తారట. మా అన్నకు, ఊళ్లో మాజీ సర్పంచ్‌కు కూడా ఫోన్ చేసి చెప్పారు. మూడు సింహాల బొమ్మతో అరెస్టు వారెంటు అని వాట్సాప్‌లో ఒక కాగితం పంపారు. మా ఆయన భయపడి "ముందు ఐదు వేలు వేస్తా, ఇంటికి మాత్రం రాకండి" అన్నాడు. ఇంకా వేయలేదు. పాపకు ఇంజినీరింగ్ సీటు వచ్చింది, ఎడ్యుకేషన్ లోనుకు పోవాలి. సిబిల్ గురించి ఇంకో టెన్షన్. కట్టేయమంటారా?
– పేరు వద్దు, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, ఆ ఐదు వేలు వేయకండి. మిగతావన్నీ నిదానంగా చూసుకోవచ్చు, ముందు ఇది ఆపండి. ఇంటికి రాకుండా ఉండటానికి కట్టే డబ్బుతో వాళ్లు ఆగరు. ఈ ఇంట్లో భయం ఉంది, గట్టిగా అడిగితే ఇంకొంత వస్తుందని వాళ్లకు అర్థమవుతుంది. వచ్చే నెల మళ్లీ అదే గొంతు ఫోన్ చేస్తుంది.

నేను బ్యాంకులో ఎక్కువ కాలం లోన్ల సీట్లోనే పనిచేశాను, దేవరకొండలో, నకిరేకల్‌లో, చివరికి నల్గొండలో. మొండి బాకీల జాబితా ఏజెన్సీకి ఎట్లా వెళ్తుందో దగ్గరుండి చూశాను. మీకు ఫోన్ చేసే కుర్రాడి ముందు ఉండేది కంప్యూటర్‌లో ఒక వరుస. పేరు, ఊరు, ఫోన్ నంబరు, తెలిసినవాళ్ల నంబర్లు ఒకటో రెండో, చివర్లో ఒక మొత్తం. మీ బండి ఎంతకు అమ్ముడుపోయిందో, మీ ఆయన ఎన్ని కిస్తీలు కట్టాడో అతనికి తెలియదు. వసూలైన దాంట్లో ఏజెన్సీకి కమీషన్, అతని నెత్తిన నెలాఖరు టార్గెట్. 1,86,000 ఒక్క ఫోన్‌లో 45,000కు దిగడానికి ఇదే కారణమని నా నమ్మకం. లెక్క పక్కాగా ఉన్న కంపెనీ ముందు కాగితం పంపుతుంది, తర్వాత బేరానికి వస్తుంది.

కాబట్టి లెక్క అడగండి, అదీ ఏజెన్సీని కాదు, లోను ఇచ్చిన కంపెనీని. మీ చేతిలో ఆ యార్డు చీటీ ఉండటం మంచిదైంది. చాలామంది దాన్ని పారేస్తారు. ముందు ఫొటో తీసి, జిరాక్సులు చేయించి, అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వకుండా దాచండి. రిజర్వు బ్యాంకు ఫైనాన్స్ కంపెనీలకు పెట్టిన ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్ అనే నియమావళి ప్రకారం, స్వాధీనం చేసుకున్న బండిని అమ్మేముందు బాకీ కట్టి విడిపించుకోవడానికి మీకు చివరి అవకాశం ఇవ్వాలి. అమ్మగా వచ్చిన డబ్బు మీ లోను ఖాతాలో జమ కావాలి. ఇంకా మిగిలితేనే అది మీ బాకీ. ఎక్కువ వచ్చి ఉంటే వాళ్లే మీకు తిరిగివ్వాలి. మూడేళ్ల ఆటోను పాత ఇనుము ధరకు అమ్మినట్టు వాళ్లు లెక్క చూపిస్తే, టైర్లు బాగున్నాయి, బ్యాటరీ పనిచేస్తోంది అని వాళ్ల మనిషే రాసిచ్చిన గీతలు అప్పుడు మీకు అక్కరకొస్తాయి.

ఇదే పనిమీద మీ ఆయన ఆర్సీ కాపీ పట్టుకుని రవాణా శాఖ ఆఫీసుకు వెళ్లి, ఆ నంబరు బండి ఇప్పుడు ఎవరి పేరున ఉందో రాతపూర్వకంగా తీసుకోవాలి. వేరేవాళ్ల పేరుకు మారి ఉంటే ఆ తేదీని బట్టి కంపెనీ బండిని ఎప్పుడు వదిలించుకుందో తేలుతుంది. ఇంకా మీ ఆయన పేరునే ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. బండి అమ్ముడై ఎన్ని చేతులు మారినా, యాక్సిడెంట్ అయితే రిజిస్టర్లో ఉన్న ఓనరే పరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. నాకైతే ఈ 45,000 కంటే అదే పెద్ద భయం. ఈ-చలాన్ సైట్‌లో ఆ నంబరు కొట్టి చలాన్లు ఏమైనా పడ్డాయేమో కూడా చూడండి.

ఇక కాలదోషం, అంటే దావా వేసే గడువు దాటిపోవడం సంగతి. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ఇట్లాంటి బాకీకి సివిల్ దావా వేయడానికి గడువు మూడేళ్లు. కరోనా కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ రెండేళ్లూ కంపెనీకే కలిపి, బండి పోయిన నాటి నుంచి కాకుండా 2019లో రావాల్సిన చివరి కిస్తీ నుంచి లెక్కేసినా, 2024తో గడువు అయిపోయింది. గడువు దాటాక వేసిన దావాను, మీరు ఆ మాట ఎత్తకపోయినా సరే, కోర్టే కొట్టేయాలని అదే చట్టంలో 3వ సెక్షన్ ఉంది.

అయితే కాలదోషం పట్టినంత మాత్రాన బాకీ రద్దయిపోదు, కోర్టుకెక్కి వసూలు చేసుకునే దారి మూసుకుపోతుందంతే. అందుకే ఇట్లాంటి పాత బాకీల్లో ఏజెంటుకు డబ్బుకంటే ముందు మీ సంతకం కావాలి. "అప్పు ఉన్నమాట నిజమే, ఫలానా తేదీకి కడతాను" అని రాసి సంతకం పెడితే, 1872 కాంట్రాక్టు చట్టంలోని 25వ సెక్షన్ కింద అది కొత్త ఒప్పందమవుతుంది, దానిమీద మళ్లీ దావా వేయవచ్చు. మీ ఆయన ఫోన్‌లో అన్న మాటతో అట్లాంటిదేమీ జరగదు, ఆయన్ను నిశ్చింతగా ఉండమనండి. కానీ ఇకమీదట అట్లా వాట్సాప్‌లో కూడా రాయొద్దు. సెటిల్‌మెంట్ ఫారం అంటూ ఇంటికి ఎవరొచ్చినా సంతకం పెట్టొద్దు.

ఈ గడువు లెక్క పనిచేయని సందర్భం ఒకటుంది. బండ్ల ఫైనాన్స్ ఒప్పందాల్లో తగాదా వస్తే కోర్టులో కాకుండా ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలన్న షరతు చాలావాటిలో ఉంటుంది. నోటీసులు మీకు అందకుండానే దూరంగా ఏ చెన్నైలోనో అవార్డు, అంటే ఆ మధ్యవర్తి తీర్పు తెచ్చుకుని ఉండొచ్చు. అవార్డు గానీ కోర్టు డిక్రీ గానీ ఉంటే దాన్ని అమలు చేయించుకోవడానికి వాళ్లకు 12 ఏళ్ల గడువు ఉంటుంది. అందుకని కోర్టు కేసుల వివరాలు చూపించే ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ ఆయన పేరుతో నల్గొండ జిల్లా కేసులు వెతికించండి. పాత రిజిస్టర్డ్ పోస్టు కవర్లు అటక మీద ఏమైనా ఉంటే తీసి చూడండి. లోను తీసుకున్నప్పుడు ఖాళీ చెక్కులు ఇచ్చారేమో కూడా గుర్తు చేసుకోండి. చెక్కు బౌన్సు నోటీసు గనక వస్తే, చేతికందిన 15 రోజుల్లోపే వకీలుకు చూపించాలి. ఆ ఒక్క నోటీసును మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

ఆ వారెంటు విషయం. కిస్తీ కట్టలేకపోవడం నేరం కాదు, దానికి పోలీసులు అరెస్టు చేయరు. నిజమైన కోర్టు కేసుకు సీఎన్ఆర్ అని, ఆ కేసును గుర్తుపట్టే 16 అక్షరాల నంబరు ఉంటుంది. వాళ్లు పంపిన కాగితం మీద ఆ నంబరు ఉందేమో చూడండి. ఉంటే ఈ-కోర్ట్స్‌లో కొట్టి చూడండి, నిజమో కాదో అక్కడే తేలుతుంది. ఆ మెసేజ్‌ను డిలీట్ చేయకండి. రేపు ఫిర్యాదులో మొదటి సాక్ష్యం అదే.

కంపెనీకి ఇట్లా రాయండి, మీ ఆయన సంతకంతో, రిజిస్టర్డ్ పోస్టులో, కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరున. ఈమెయిల్ కూడా పెట్టండి:

"మీ తరఫున అంటూ ఒక ఏజెన్సీ నాకు ఫోన్ చేసి 1,86,000 రూపాయలు అడుగుతోంది. ఈ బాకీని నేను అంగీకరించడం లేదు. ఫలానా నంబరు ఆటోను 2018 జూన్‌లో మీరు స్వాధీనం చేసుకున్నారు, మీ యార్డు ఇచ్చిన చీటీ నకలు జత చేస్తున్నాను. పూర్తి లోను స్టేట్‌మెంట్, ఒప్పందం నకలు, బండి అమ్మకానికి ముందు నాకు పంపిన నోటీసు, అమ్మిన తేదీ, ధర, నా ఖాతాలో జమ చేసిన వివరం పంపగలరు. ఆ ఏజెన్సీకి మీరిచ్చిన అధికార పత్రం నకలు కూడా పంపగలరు. ఇవి తేలేవరకు వసూలు ఆపించగలరు. నా బంధువులకు, ఊరివాళ్లకు ఫోన్ చేయించవద్దు. ఈ లేఖలో ఏదీ బాకీని ఒప్పుకున్నట్టు కాదు."

ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ రాయొద్దు. కష్టాలు, కాలు విరిగిన సంగతి, పాప చదువు, ఇవేవీ అందులో వద్దు. జాలితో తగ్గిస్తారేమోనని మన జనం అవన్నీ రాస్తారు. మధ్యలో "కట్టాలనే ఉంది కానీ" అనే మాట దొర్లుతుంది, కంపెనీ వకీలు దాని కిందే గీత గీస్తాడు.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. వివరాలకు 14448 నంబరు ఉంది. ఏజెంట్ల గురించి 2022 ఆగస్టు 12న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు స్పష్టంగా ఉన్నాయి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు, ఇంటివాళ్లను, స్నేహితులను రచ్చకీడ్చకూడదు. ఏజెంటు చేసిన ప్రతి పనికీ లోను ఇచ్చిన కంపెనీదే బాధ్యత. "మాకు తెలియదు, అది ఏజెన్సీ" అంటే చెల్లదు. మీ అన్న అప్పట్లో జమానతు సంతకం పెట్టి ఉంటే ఆయన్ను అడగొచ్చు. వట్టి రెఫరెన్సుగా నంబరు ఇచ్చి ఉంటే ఆయనకు ఫోన్ చేసే హక్కే లేదు. ఒక నోటుబుక్కులో తేదీ, టైము, నంబరు, అన్న మాట రాసిపెట్టండి, ఫోన్లు రికార్డు చేయండి. ఇంటిమీదికొచ్చి గొడవ చేస్తే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేసి, స్టేషన్లో ఫిర్యాదు రాసివ్వండి.

మన పల్లెల్లో ఈ వ్యాపారం నడిచేది ఇజ్జత్ మీద. కోర్టులో నిలబడని బాకీని కూడా పదిమందిలో తలెత్తుకోలేమనే భయంతో కట్టేసినవాళ్లను ఎందరినో చూశాను. అందుకోసం పుస్తెలు కుదువపెట్టినవాళ్లూ ఉన్నారు. నాకు ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. మీరే ముందుగా ఆ చీటీ పట్టుకుని మీ అన్న దగ్గరికి, ఆ మాజీ సర్పంచ్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పండి. వాళ్లకు సంగతి తెలిసిపోయాక ఏజెంటు చేతిలో బెదిరించడానికి ఏమీ మిగలదు.

వకీలు ఖర్చు గురించి వెనకాడకండి. నల్గొండ జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. 15100కు ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

సిబిల్ కోసం భయపడి కట్టడం కంటే ముందు అందులో ఏముందో చూడండి. సిబిల్‌తో కలిపి, అప్పుల చరిత్ర నమోదు చేసే క్రెడిట్ సమాచార కంపెనీలు నాలుగున్నాయి, ఒక్కొక్కటి ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీ ఆయన పేరున ఈ లోను తప్పుగా కనిపిస్తే యార్డు చీటీ జతచేసి ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్, అంటే అభ్యంతరం పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పాప లోనుకు సహ దరఖాస్తుదారుగా తండ్రే ఉండాలన్న రూలేం లేదు. మీ పేరు మీద రిపోర్టు శుభ్రంగా ఉంటే మీరే సంతకం పెట్టండి. సెటిల్‌మెంట్ కింద 45,000 కట్టినా రిపోర్టులో 'సెటిల్డ్', అంటే పూర్తిగా కట్టకుండా రాజీపడ్డారు అనే పడుతుంది, బ్యాంకు మేనేజర్లు దాన్నీ అనుమానంగానే చూస్తారు.

కంపెనీ లెక్కలన్నీ పంపి, నిజంగానే కొంత బాకీ ఉందని మీకే అనిపిస్తే కట్టడం తప్పు కాదు. నిజమైన అప్పు తీర్చాలనే నేనూ అంటాను. అప్పుడు కూడా కంపెనీ లెటర్‌హెడ్ మీద సెటిల్‌మెంట్ ఉత్తరం వచ్చాకే, కంపెనీ లోను ఖాతాలోకే కట్టి, బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. ఏజెంటు ఫోన్‌పే నంబరుకు రూపాయి కూడా పంపొద్దు.

ప్రశ్న: మా నాన్న పోయిన ఏడు చనిపోయాడు. ఆయన చేసిన పాత అప్పు కొడుకువి నువ్వే కట్టాలని బొంబాయిలో పనిచేసుకుంటున్న నాకు ఫోన్లు చేస్తున్నారు. కట్టాలా?
– నారాయణపేట జిల్లా పాఠకుడు

జవాబు: బాబూ, నువ్వు సహ రుణగ్రహీతగానో జమానతుగానో సంతకం పెట్టి ఉండకపోతే నీ కూలి డబ్బుల్లోంచి కట్టాల్సిన పనిలేదు. నాన్న నుంచి నీకు వచ్చిన ఆస్తి ఎంతుందో అంతవరకే వారసుడి బాధ్యత. భూమి వచ్చి ఉంటే ఆ మేరకు అడగొచ్చు, ఏమీ రాకపోతే ఏమీ లేదు. మరణ ధ్రువపత్రం నకలు జతచేసి కంపెనీకి ఉత్తరం రాయి. ఆ లోనుకు ఇన్సూరెన్స్ ఉందేమో కూడా అందులోనే అడుగు. లోను ఇచ్చేటప్పుడు ప్రీమియం కోసుకుని, తర్వాత ఆ మాటే ఎత్తని ఫైళ్లు నేను చూశాను.